పసుపు రంగు గల్లీలో పొయ్యి

మా అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అలాంటివాళ్లను లోకం నెమ్మదస్తులని మెచ్చుకుంటుంది. మెచ్చుకునేవాళ్లు ఒక నెల మా ఇంట్లో ఉండి చూస్తే తెలిసేది. నేను ఆమెలా కాదు, నాకు నోరుంది. ఆ నోరు పనికిరావలసిన రెండు రోజులూ మూసుకునే ఉన్నాను. ఇది రాయడానికి కారణం అదే.

కొత్తవాడలో మాది రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వాకిలి. మా నాన్న తివాచీలు నేసేవాడు. ఆయన పోయాక మగ్గం విప్పి అమ్మేశాం. ఆ గదిలో అమ్మ గ్యాస్ పొయ్యి పెట్టింది. దవాఖానలో రోగుల వెంట ఉండేవాళ్లకు మధ్యాహ్నం భోజనం క్యారియర్లు పంపేది. జొన్నరొట్టె, పుల్లపప్పు, వారానికి రెండు రోజులు మాంసం కూర. నేను కాలేజీకి పోతూ స్కూటీ మీద వాటిని దించేదాన్ని. నా డిగ్రీ చదువు, ఇంటి కరెంటు బిల్లు, అమ్మ బీపీ గోళీలు, అన్నీ ఆ క్యారియర్ల మీదే నడిచేవి.

నేను తెలివైనదాన్ననుకుని ఆన్‌లైన్‌లో ఫుడ్ రిజిస్ట్రేషన్ చేయించాను. ఆ కాగితానికి అద్దం కట్టించి పొయ్యి పక్క గోడకు తగిలించాను. ఇక మమ్మల్ని అడిగేవాడు లేడనుకున్నాను. వంట శుభ్రంగా ఉందా అని చూసే ఆఫీసు వేరు, ఏ గల్లీలో వండి అమ్ముకోవచ్చో చెప్పే ఆఫీసు వేరు అని అప్పటికి నాకు తెలియదు.

ఎదురింటాయన రిటైరైన ఉద్యోగి. ఆయన భార్యకు ఆయాసం. మా తాలింపు ఘాటు వాళ్ల కిటికీలోకి పోతుందని రెండుసార్లు మర్యాదగానే చెప్పాడు. అమ్మ కిటికీ మూసి వండడం మొదలుపెట్టింది. చెమటతో తడిసిపోయేది గానీ కిటికీ తెరిచేది కాదు. అయినా ఆయన మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టాడు. చాలాకాలం ఆ మనిషి ముఖం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండదు. ఆమె దగ్గు మా ఇంట్లోకి వినపడేది, అది దొంగ దగ్గు కాదు.

ఫిర్యాదు మీద ఆఫీసరు ఎప్పుడో ఒకరోజు వస్తాడని తెలుసు. ఆయన వచ్చిన రోజే మా ఖర్మ కాలింది.

ఆ తెల్లవారుజామున పక్క గల్లీలో ఒక ఆటో డ్రైవరు గుండె ఆగి చనిపోయాడు. ఆయన భార్యను నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తాను. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. మాలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, మూడు రోజులు ఇరుగుపొరుగు ఇళ్ల నుంచే అన్నం వెళ్తుంది. మొదటి రోజుది అమ్మ తన మీద వేసుకుంది. ఎవరూ అడగలేదు, ఆమే వేసుకుంది. మసీదు నుంచి రెండు పెద్ద డేగ్చాలు తెప్పించి, వాకిట్లో రాళ్లు పేర్చి, కట్టెల పొయ్యి అంటించింది. పరకాల నుంచి, నర్సంపేట నుంచి వాళ్ల చుట్టాలు వస్తున్నారు. శ్మశానంలో మట్టి ఇచ్చి వచ్చేసరికి అందరికీ అన్నం ఉండాలి.

పప్పు ఉడుకుతుండగా ఆఫీసరు వచ్చాడు. వాకిలంతా పొగ. ఆయన దగ్గుకుంటూ ఫోన్‌తో డేగ్చాలను, రాళ్లను, కట్టెలను ఫోటోలు తీశాడు. అమ్మ ఆయనకు స్టూలు వేసి నీళ్లిచ్చింది. ఎంతమందికి వండుతున్నావని ఆయన అడిగాడు. నూటయాభై మందికి అయితుందని అమ్మ ఉన్నమాట చెప్పింది. ఎవరి ఆర్డరని అడిగితే మాత్రం జవాబివ్వలేదు. గరిటె తీసుకుని పప్పు కలపసాగింది.

నేను పక్కనే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఆమె ఎందుకు చెప్పడం లేదో నాకు తెలుసు. చేసిన పుణ్యం చెప్పుకుంటే పోతుందని అందరూ అంటారు, అంటూనే చేసింది నలుగురికీ చెప్పుకుంటారు. మా అమ్మ మాత్రం ఆ మాటను నమాజులా పట్టింది. చావింటికి పంపిన అన్నం సంగతి మూడోవాడి ముందు ఎత్తితే, ఆ ఇంటివాళ్లు తిన్న ముద్దకు లెక్క చెప్పినట్టేనని ఆమె నమ్మకం. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను తల వంచుకుని ఉల్లిగడ్డ కోశాను. కళ్లలో నీళ్లు కారుతుంటే ఉల్లిగడ్డే కారణమని ఆఫీసరు అనుకుని ఉంటాడు.

పది రోజులకు నోటీసు వచ్చింది. నివాస ప్రాంతంలో అనుమతి లేకుండా వ్యాపార స్థాయిలో వంట చేస్తున్నారని, సంజాయిషీ ఇవ్వాలని.

ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ఆయన గది గోడ మీద నగరం పటం ఉంది. అందులో ఎరుపు రంగు ఉన్నచోట వ్యాపారం, పసుపు రంగు ఉన్నచోట నివాసం. మా గల్లీ పసుపులో ఉంది. మెయిన్ రోడ్డు ఎరుపు గీత మా ఇంటికి అరవై అడుగుల దూరంలో ఆగిపోయింది. ఎరుపులో షట్టరు అద్దెకు తీసుకోమని చెప్పడం తేలికే, అడ్వాన్సు ఎవరిస్తారు?

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు కొంత సుఖంగా ఉండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. ఇంట్లో ఉన్న ఇద్దరూ చిన్న పొయ్యి మీద వండి పంపుకుంటే ఎవరూ పట్టించుకోరని చెప్పాడు. ఫోటోలు నా ముందు పెట్టాడు. "రాళ్ల మీద డేగ్చాలు పెట్టి నూటయాభై మందికి వండితె దాన్ని ఇంటి వంట అని నేనెట్ల రాయాలె?" అన్నాడు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. అది అమ్మకం కాదని, చావింటికి పంపిన అన్నమని చెప్పేశాను. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆఫీసరు ఆమెను నిజమేనా అని అడిగాడు. ఆమె నేల చూసింది. ఆయన ఫోటోలు పక్కకు జరిపి, ఆ ఇంటివాళ్లు సాక్ష్యం చెబితే ఫైలు అక్కడికే మూసేస్తానన్నాడు. వారం గడువిచ్చాడు.

ఇంటి గడప దాటాక అమ్మ అన్నది: "ఇద్దత్‌ల కూసున్న ఆడిదాన్ని ఆఫీసుకు గుంజుతమా? మనం పెట్టిన బువ్వకు ఆమెతోని సాక్ష్యం చెప్పిస్తమా? నా పొయ్యి ఆరిపోయినా సరే, నువ్వు ఆ గడప తొక్కకు."

భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. అది ఇద్దత్. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఖాలా, ఇద్దరు పిల్లలు తప్ప ఎవరూ లేరు. అయినా నేను అమ్మ మాట దాటి వెళ్లాను. గడువు ఇంకా రెండు రోజులుండగా, సాయంత్రం ఆమె తలుపు ముందు నిలబడ్డాను. లోపల చిన్నపిల్ల ఏదో పద్యం బట్టీ పడుతోంది, ఖాలా గొంతు దాన్ని దిద్దుతోంది. ఇల్లు కదలలేని మనిషిని ఏమని రమ్మనను? తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించుకుని వచ్చేశాను. అమ్మకు భయపడి కాదు. సిగ్గేసింది.

గడువు దాటాక ఉత్తర్వు వచ్చింది. ఈ ఇంట్లో ఇకమీదట అమ్మకానికి వండబోమని హామీ పత్రం ఇవ్వాలన్నారు. అమ్మకు రాయడం రాదు కాబట్టి నేనే రాశాను. నా చేతిరాత బాగుంటుందని కాలేజీలో పేరు. అమ్మ కింద వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను కొంగుతో తుడుచుకుంది.

దవాఖాన వాళ్లకు క్యారియర్లు ఆగిపోయాయని చెప్పి రావడం నా పనే అయింది. ములుగు వైపు నుంచి వచ్చి కొడుకు మంచం పక్కనే ఉంటున్న ఒక ముసలాయన, నీ తల్లికి పానం బాగలేదా బిడ్డా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆయన ఖాళీ క్యారియర్ కడిగి నా చేతికిచ్చాడు.

అమ్మ హన్మకొండ వైపు ఒక ఫంక్షన్ హాల్లో పనికి కుదిరింది. అక్కడ వంట మగవాళ్లది. ఆమెది గిన్నెలు తోమే పని. నూటయాభై మందికి ఉప్పు చూడకుండా వండగల మనిషి, ఎవడో మాడ్చిన డేగ్చా లోపలికి వంగి పీచుతో గీకేది. ఆ మాడు ఆమె గోళ్లలో ఉండిపోయేది. నేను చదువు ఆపి బట్టల దుకాణంలో చేరాను. అమ్మ మీద నాకు కోపం వచ్చేది. నిజం చెప్పాలంటే అసహ్యమేసిన రోజులు కూడా ఉన్నాయి. నీ పుణ్యం నువ్వు దాచుకున్నావు, నా చదువేం పాపం చేసిందని అడగాలనిపించేది. అడగలేదు.

ఇద్దత్ ముగిసిన వారానికి ఖాలా మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇంకా పని నుంచి రాలేదు. చల్లగా ఉన్న పొయ్యిని, ఖాళీ గదిని చూసి ఏమైందని అడిగింది. ఇన్నాళ్లూ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇక దాచడానికి ఏముంది? ఫోటోలు, నోటీసు, సాక్ష్యం, అన్నీ చెప్పాను. ఆమె ఇల్లు కదలకూడదు కాబట్టి అడగలేదని కూడా చెప్పాను.

ఆమె పొయ్యి పక్కనే కూర్చుని నా వైపు తిరిగింది.

"బయటికి పోవద్దు గని బేటా, కాయితం మీద రాయొద్దని ఎవరన్నరు? ఇంట్ల కూసోనే రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇస్తుంటి గద. అడగంది అమ్మయినా పెట్టదంటరు. నువ్వు అడగకపోతివి."

నేను ఆ కాగితం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అన్ని కాగితాలూ నేనే రాశాను, ఆ ఒక్క కాగితం తప్ప.

సాయంత్రం అమ్మ వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, ఖాలా వచ్చి వెళ్లిందని చెప్పాను. పిల్లలు బాగున్నారా, ఏమన్నది అని అడిగింది. బాగున్నారు, నిన్ను అడిగిందని చెప్పమన్నది, అన్నాను. మిగతాది ఇప్పటికీ చెప్పలేదు.