నా భుజం ఎత్తున పెట్టిన స్విచ్చులు

రండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి అందరికీ తగిలేటట్టు సర్దుకోండి, ఎందుకంటే కథ కొంచెం పొడుగు (నాలాగే). ఆ రోజుల్లో అంటే ఏ కాలం మాటో అనుకునేరు, ఫోన్లో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే రోజులే. కానీ చేతిలో కొత్త సర్టిఫికెట్టు ఉండి పని లేనివాడికి పొద్దు ఎంతకీ గడవదు కదా, అందుకే నాకు మాత్రం అదంతా చాలా పాత సంగతిలా అనిపిస్తుంది. నా చదువు పదో తరగతి, దాని మీద ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు. మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. నేను పాసైన రోజు, వలలు ఆరబెట్టే చోట పదిమందీ వినేటట్టు, "ఇగ మావోడు నీళ్ళల్ల దిగడు, కరెంటుల దిగుతడు" అని గొప్పగా చెప్పాడు. ఆ మాటకు మా అమ్మ భయపడి అక్కడే ఏడ్చింది.

కరెంటు చదివాడంటే ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ వాడికి వచ్చినట్టే అని మా వాడలో నమ్మకం. తెల్లారితే చాలు, మిక్సీలు, టీవీలు, కూలర్లు మా గడపలో వరుస కట్టేవి. ఒక చిన్నమ్మ అయితే ఫోన్లో సిగ్నల్ రావడం లేదని తెచ్చింది. నాకు రాదంటే, "రెండేండ్లు ఏం సదివినవ్ రా మరి?" అని నిలదీసింది. ఐటీఐలో మాకు నేర్పింది చెక్క పలక మీద వైరింగు. పలక బల్ల మీద ఉంటుంది, మనం ఎదురుగా నిలబడి పని చేస్తాం. ఇల్లు అనేది నిలువుగా ఉంటుందనీ, అందులో మనుషులు ఉంటారనీ మాకెవరూ చెప్పలేదు (చెప్పిన రోజు నేను బడికి వెళ్ళలేదేమో).

మేడ్చల్ వైపు ఉన్న ఫ్యాక్టరీల గేట్లన్నీ తిరిగాను. ప్రతి గేటు దగ్గరా అదే ప్రశ్న, అనుభవం ఉందా అని. ఒక వాచ్‌మన్ తాత మాత్రం నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించి, "బిడ్డా, గేట్లు పట్కోని తిరిగితే పని రాదు. ఎవలన్న మేస్త్రీ ఎంబడి పడు" అని దారి చూపించాడు. అలా దొరికినవాడే పొట్టి మేస్త్రీ. ఆ పేరు నేను పెట్టింది కాదు, గాజులరామారం నుంచి శామీర్‌పేట దాకా ఇళ్ళకు వైరింగు చేయించుకున్న వాళ్ళందరూ ఆయన ముందరే అలా పిలిచేవారు, ఆయనా పలికేవాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి (పైదాకా చూడడానికి ఆయన మెడ బాగా ఎత్తాల్సి వచ్చింది), "సదువు సంగతి తర్వాత. నిచ్చెన లేకుండనే ఫ్యాను బిగిస్తవ్ గద? రేపు రా" అన్నాడు. నా సర్టిఫికెట్టు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నాకు ఉద్యోగం ఇప్పించింది నా కాళ్ళ పొడుగు.

మేస్త్రీ పని చేసే తీరు నేను కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవాణ్ణి. చెవి వెనక పెన్సిల్, జేబులో టెస్టర్. స్విచ్చుబోర్డు డబ్బా ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టడానికి ఆయన టేపు తీసేవాడు కాదు. గోడకు ఆనుకుని నిలబడేవాడు, భుజం ఎక్కడికి వస్తే అక్కడ పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఇల్లంతా అలా గోడ గోడకూ ఆనుతూ పోయేవాడు. సాయంత్రానికి గీతలన్నీ ఒకే వరుసలో ఉండేవి. అది చూసి నేను, పెద్ద పనివాడంటే ఇలా ఉండాలి, ఒళ్ళే కొలత కావాలి అని మురిసిపోయాను. ఆ కొలత ఎందుకు సరిపోతుందో మాత్రం ఆలోచించలేదు.

ఇలా ఉండగా బౌరంపేట్‌లో ఒక ఇల్లు వచ్చింది. బస్సు డ్రైవరుగా చేసే ఒకాయన కట్టుకుంటున్నాడు. మేమంతా ఆయనను డ్రైవర్ సారు అనేవాళ్ళం. మేస్త్రీకి అప్పుడే గాజులరామారంలో వేరే పని పడింది. నన్ను పిలిచి, "గీ ఇంట్ల గోడలకు గాడులు కొట్టుడు, పైపులు, డబ్బాలు పెట్టుడు అంత నువ్వే సూస్కో. మంచిగ జేసినవంటే శామీర్‌పేట రోడ్డు మీద వచ్చే పెద్ద సైటుకు నిన్నే తీస్కపోత. ఖరాబ్ జేసినవా, ఇగ మీ నాయిన ఎంబడి వల పట్టు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వల పట్టడం చెడ్డ పనని కాదు. నాయిన అంతమందిలో అన్న మాటకు నేను మళ్ళీ చెరువులో కనిపిస్తే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

మరునాడు ఆ ఇంట్లో ఒక్కణ్ణే నిలబడ్డాను. చెవి వెనక పెన్సిల్ పెట్టుకున్నాను. గోడకు ఆనుకున్నాను. భుజం దగ్గర గీత గీశాను. హాల్లో గీశాను, వంటింట్లో గీశాను, దేవుడి గదిలో దండం పెట్టుకుని మరీ గీశాను. అదే ఎత్తున గాడులు కొట్టి డబ్బాలు బిగించాను. ఒక గీత దాటి ఇంకొకటి రాలేదు, అంత వరుసగా వచ్చాయి. సున్నం, సిమెంటు పూసే తాపీ మేస్త్రీ ఒకసారి పైకి చూసి, "ఏందిరా, జరంత మీదికి ఉన్నట్టు లేవా?" అన్నాడు. నేను తడుముకోకుండా, "గిది కొత్త పద్ధతి అన్నా" అన్నాను. ఆయన, సదువుకున్న పోరడు కదా అని నోరు మూసుకుని ప్లాస్టరింగు చేసేశాడు. పొట్టి మేస్త్రీ రోజూ వీడియో కాల్ చేసేవాడు. నేను ఫోను నా మొహం ఎత్తులో పట్టుకుని గోడలన్నీ చూపించేవాణ్ణి. అంత పైనుంచి చూస్తే డబ్బాలు ఉండాల్సిన చోటే ఉన్నట్టు కనబడేవి. "సాఫ్‌గ ఉంది, శభాష్" అనేవాడు ఆయన. నేను ఫోను పెట్టేసి కాలరు సర్దుకునేవాణ్ణి.

ప్లాస్టరింగు ఆరింది, గృహప్రవేశం దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం డ్రైవర్ సారు తన తల్లిని ఇల్లు చూపించడానికి తీసుకొచ్చాడు. అవ్వ నా నడుముకు కొంచెం పైన ఉంటుంది. కుడి భుజం పట్టేసి ఏళ్ళయింది, చెయ్యి సగం కన్నా పైకి లేవదు. గదులన్నీ తిరిగి, వంటింటి గోడ దగ్గర ఆగి, పైకి చూసింది.

"కొడుకా, గవి ఏంది, పావురాలకు గూళ్ళా?"

"కాదవ్వా, స్విచ్చులకు" అన్నాను నేను.

"మరి నేను లైటు ఎయ్యాల్నంటే ఎవల సంకనెక్కాలె?"

సారు ఎగాదిగా చూశాడు. చెయ్యెత్తి అందుకుని చూశాడు. ఆయన చెయ్యే మొహం దాకా లేవాల్సి వచ్చింది. వెంటనే ఫోన్ తీసి మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ బండి మీద రానే వచ్చాడు. నేరుగా వెళ్ళి డబ్బా కింద నిలబడ్డాడు. డబ్బా ఆయన నెత్తికి సరిసమానంగా ఉంది. తర్వాత నా వైపు వేలు చూపించి, "నువ్వు నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. డబ్బా నా భుజానికి అతికినట్టు వచ్చింది. మేస్త్రీ సిమెంటు బస్తా మీద కూలబడ్డాడు.

"ఓరి నీ పొడుగు పాడుగాను! గీ ఇంట్ల ఒంటెలను కడ్తరనుకున్నవా?"

"నువ్వు జేసినట్టే జేసిన మేస్త్రీ" అన్నాను.

"నేను జేసినట్టు జేస్తే నా లెక్క పొట్టిగ ఉండాలె గదరా! ఇగ చాలు. రేపటి సంది నువ్వు రాకు. వేరేటోన్ని పెట్టి దింపిస్త."

చెరువూ, వలలూ, నాయిన మొహమూ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు అవ్వ ఒక మాట అన్నది. నా మీద జాలితో కాదు, లెక్క ప్రకారమే అన్నది.

"వేరేటోడొస్తే ఆడు ఆడి భుజం సూస్తడు గద. గీ పోరడే కొట్టిండు, గీ పోరన్నే దించనీ. నేనొచ్చి నిలబడ్త. నా భుజం సూడుండ్రి."

మేస్త్రీ బస్తా మీది నుంచి లేచి, లుంగీకి అంటిన సిమెంటు దులుపుకుని, "సరే, దించనీ" అన్నాడు.

మరునాటి నుంచి అవ్వ చద్ది డబ్బాతో సహా వచ్చేది. గోడ గోడకూ నిలబడేది. చెయ్యి ఎంతవరకు లేస్తే అంతవరకు లేపి, "గిక్కడ" అనేది. నేను గీసేవాణ్ణి. అంతటితో ఆగేది కాదు. వంటింట్లో, "గీడ మిక్సీ పెడ్తం, వైరు పొయ్యి మీద పడొద్దు, జర అటు జరుపు" అనేది. పడకగదిలో నేల మీద ఉత్తినే పడుకుని, చీకట్లో లేచినట్టు గోడ తడిమి, "నా చెయ్యి గిటు వస్తాంది సూడు, నువ్వు అటు పెట్టినవ్" అనేది. దేవుడి గదిలో, "దీపం పెట్టేటప్పుడు కొంగు తాకొద్దు" అని ఇంకోచోట చూపించింది. నేను సుత్తి, ఉలి పట్టుకుని పాత గాడులు పూడ్చి కొత్తవి కొట్టాను. తాపీ మేస్త్రీ మళ్ళీ ప్లాస్టరింగు చేస్తూ, "గిది గూడ కొత్త పద్ధతేనా తమ్మీ?" అని రోజూ అడిగేవాడు. (ఇప్పటికీ కనబడితే అడుగుతాడు.) పొట్టి మేస్త్రీ రెండు పూటలా వచ్చి, గుమ్మంలో నిలబడి గీతలన్నీ చూసి వెళ్ళిపోయేవాడు.

గృహప్రవేశం నాడు పాలు పొంగాక, అవ్వ ఒక్కతే ఇల్లంతా తిరిగి ఒక్కో లైటూ వేసింది. ఎవరి సాయమూ అడగలేదు. కొడుకు మాత్రం వెనకే నడుస్తూ, ప్రతి స్విచ్చు దగ్గరా కొంచెం వంగి చూశాడు. భోజనాల దగ్గర నేను మూలన కూర్చుని తల దించుకుని తింటున్నాను. మేస్త్రీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"రేపు పొద్దుగాల శామీర్‌పేట రోడ్డు మీద నిలబడు. నేనొచ్చి తీస్కపోత."

"సైటుకా మేస్త్రీ?"

"మరి చేపలకా? అన్నం తిను." రెండు ముద్దలు తిన్నాక మళ్ళీ అన్నాడు. "ఆడ దిగంగనే గోడలకు ఆనకు. ఫస్టు పోయి ఇంటామెతోని మాట్లాడు."

ఈ మధ్య ఏదో గీజరు పని ఉందంటే ఆ ఇంటికి వెళ్ళాను. అవ్వ పోయి చాలా రోజులైంది. మనవడు నా అంత పొడుగు పెరిగాడు, లైటు వేయాలంటే వంగుతున్నాడు. కోడలు నవ్వి, "పైకి పెట్టిద్దామని మస్తు సార్లు అనుకున్నం అన్నా, మనసొప్పలే" అన్నది. పని అయ్యాక బాత్‌రూము లైటు ఆర్పడానికి నేనూ నడుము వంచాను. ఆ రోజు చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని, దేవుడికి దండం పెట్టుకుని మరీ తప్పు గీత గీసిన ఆ పొడుగు పిల్లవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడి భుజం తట్టాలనిపించింది, వాడిప్పుడు ఎక్కడా దొరకడు.

ఇంత ఓపికగా విన్నారు, మీరు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో అందరికన్నా చిన్న చేతికి కూడా స్విచ్చు అందాలి, వేసిన లైటు వేసినట్టే వెలగాలి, చీకట్లో లేచిన పెద్దవాళ్ళకు గోడ మీద తడిమిన చోటే వెలుగు దొరకాలి.