మామ గుండు, నా గ్రాఫిక్స్ కార్డు

తల నిండా జుట్టు, దానికి మించి గర్వం ఉన్న రోజులవి. ధర్మపురిలో ఒక కంప్యూటర్ కొట్లో పనిచేస్తూ, మంచి గ్రాఫిక్స్ కార్డు బిగించిన కంప్యూటరు ఒకటి సంపాదించుకున్నాను. పాలక్కోడు దగ్గరి మా ఊళ్లో మారెమ్మ పండగకు మా మేనమామ ఏటా రంగు బల్బులతో అమ్మవారి బొమ్మ నిలబెట్టేవాడు. దాన్ని సీరియల్ సెట్టు అనేవాళ్లం. ఆ ఏడు నేను పెద్దలను ఒప్పించి, దాని స్థానంలో ఎల్‌ఈడీ తెర పెట్టించాను. పంబ డోళ్ల మోతకు తగ్గట్టు తెరమీద అమ్మవారు అప్పటికప్పుడు కదలాలి. మామకు జనరేటర్ పని మాత్రం మిగిలింది. బొమ్మ కుదిరితే ప్రతి పండగా నాది, కుదరకపోతే మళ్లీ బల్బులే అని పెద్దలు ముందే తేల్చేశారు.

సాయంత్రం పంబ మొదలైంది. అమ్మవారు తల ఊపింది. ఊపగానే మెడ దగ్గర అడ్డంగా తెగి తల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు జరిగాయి.

"అయ్యయ్యో, అమ్మ తల తెగిపాయె కదరా!" అని మా అత్త చెంపలు వేసుకుంది.

"నా బల్బుల్లో ఎన్నడన్నా తెగిందా? మహా అంటే ముక్కుపుడక ఆరిపోతా ఉండె, అంతే," అన్నాడు మామ.

నాకు పట్టుదల పెరిగింది. వైరు మార్చాను. బొమ్మ సైజు తగ్గించాను. కంప్యూటరును ఆపి మళ్లీ పెట్టాను (మధ్యలో వట్టి నీలం తెర వస్తే కొందరు దానికీ దండం పెట్టారు). మెడ అతకలేదు. చివరికి నోటికొచ్చిన మాట అనేశాను. "మామా, నీ జనరేటర్ కరెంటు ఊగతా ఉండాది!"

మామ మొహం మాడిపోయింది. జనరేటర్ దగ్గరికి పోయాడు. అప్పుడు పడింది నా కన్ను, కంప్యూటర్ తెర మూలనున్న అంకె మీద. కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె అది. నూట ఎనభై దగ్గర ఆడుతోంది. స్నేహితుల ముందు అది గొప్పగా కనబడాలని, కార్డును తెరతో కలిపి నడిపే వి-సింక్‌ను నేనే ఆపేసి ఉంచాను. తెర చూపగలిగేది అరవై. అది ఒక బొమ్మను పూర్తిగా చూపేలోపే కార్డు ఇంకోటి తోసేస్తుంటే, పైసగం పాతది, కిందిసగం కొత్తది పడుతోంది. వి-సింక్ పెట్టాను. అంకె అరవైకి దిగింది. మెడ అతుక్కుంది.

సరిగ్గా అప్పుడే మామ నూనె చేతులతో వచ్చాడు. "అంతా తుడిచి పెట్టినాను రా. ఇప్పుడు బాగుండాదా?"

"బాగుండాది మామా," అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాల్సింది.

మరునాడు పొద్దున్నే, "నా మిషను వల్లే అమ్మకు అట్లయ్యె," అంటూ మామ తన ఉంగరాల జుట్టు అమ్మవారికి ఇచ్చేశాడు. ఆ గుండు చూసి ఊరంతా నవ్వింది (నేను తప్ప). పండగ మాత్రం నాదైంది.

ఆ జనరేటర్‌లో ఏ లోపమూ లేదు. అందరికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. మొన్న పండగకు ముందు మామకూ చెప్పేశాను. ఆయన గడ్డం రుద్దుకున్నాడు.

"ఇన్నేండ్లు దాన్ని ఊరికే తిట్టుకొంటినే రా! ఇంగ నువ్వు కొట్టించుకోవాల గుండు."

"కొట్టించుకుంటాను మామా."

ఆయన నా నెత్తి వంక చూసి నవ్వేశాడు. "ఏముండాదని కొట్టేది? అమ్మ ముందే తీసేసుకునె కదరా!"

ఈసారి తెర పక్కనే మామ సీరియల్ సెట్టునూ నిలబెట్టాం. ముక్కుపుడక దగ్గర ఒక బల్బు వెలగలేదు. జనరేటర్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.