గడప బయటి రొట్టె

ఈ ఉదయం నల్లపాడులో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే గాలి మిర్చి యార్డు వైపు నుంచి మిరప ఘాటు మోసుకొచ్చింది. వరసగా తుమ్ములు. కిటికీలు మూయమని మా ఆయన కేకలేస్తుంటే నాకు మార్తత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. పర్చూరు దగ్గర మా పల్లెలో ఆమె మా పక్కింటావిడ. మిరప కోతకు వెళ్ళే ఆడకూలీల ముఠాకు మేస్త్రి. డిగ్రీ సెలవుల్లో నేనూ ఆ ముఠాలోనే కోసేదాన్ని. "ఏమే, కాయ కోస్తన్నావా, దాంతో కబుర్లాడతన్నావా?" అని చేనంతా వినపడేలా అరిచేది.

భర్త పోయాక ఆమె కొంత చేను కౌలుకు తీసుకుంది. ఆ ఏడు కాయ బాగా దిగింది. ఎండిన కాయని కల్లంలో కుప్ప చేసి పట్టా కప్పిన రోజున మా నాన్న యాకోబు తాగొచ్చి, ఆ పక్కనే బీడీ పారేశాడు. ముందు గడ్డి అంటుకుంది, తర్వాత పట్టా. పల్లెలో ఆ పొగకి దగ్గని మనిషి లేడు. అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి, ఎవరివి పొగకో ఎవరివి కోపానికో తెలియలేదు. మార్తత్త బూడిద ముందు కూలబడిపోయింది.

నాన్న ఆ రోజుతో తాగుడు మానేశాడు. చర్చిలో సంఘం ముందు నిలబడి, ఏడుస్తూ తప్పు ఒప్పుకున్నాడు. పెద్దలు నమ్మలేదు. ఎవరితోనైనా తగవు తీర్చుకుని సమాధానపడనివాళ్ళు ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, పాలు పొందకూడదన్నది మా సంఘంలో కట్టుబాటు. దాన్ని చూపించి ఆయన్ని ఆపేశారు. నెలకోసారి రొట్టె విరిచే ఆదివారం నాన్న చర్చి బయట చెప్పుల పక్కన కూర్చునేవాడు. లోపల అమ్మ తలెత్తేది కాదు. దేవుడు కూడా వద్దన్నాడనుకుని నాన్న మళ్ళీ తాగుడికి పోతాడేమోనని నాకు ఒకటే గుబులు.

అలాంటి ఒక ఆదివారం మార్తత్త ఆలస్యంగా వచ్చి, లోపలికి రాకుండా నాన్న పక్కనే చతికిలబడింది. సంఘ పెద్ద ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు.

"లోపలికి రండమ్మా, బల్ల మొదలవుతోంది."

"కాలింది నా కాయండీ. నేను ఎప్పుడో క్షమించా. మధ్యలో మీకేం మిగిలింది? వీడు ఇక్కడుంటే నేనూ ఇక్కడే."

లోపల పాట ఆగిపోయింది. పాస్టరు గారు రొట్టె పళ్ళెం పట్టుకుని గడప దాటి వచ్చారు. నాన్న వెనక్కి జరిగాడు.

"నాకొద్దక్కా. నేను పనికిరాను."

"పనికొచ్చేవాళ్ళకైతే ఈ రొట్టె ఎందుకురా? తిను," అంది మార్తత్త.

నాన్న రెండు చేతులూ చాచి రొట్టె తీసుకున్నాడు. తిన్నాడు. లోపల అమ్మ పైకే ఏడ్చేసింది. నాకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

తర్వాత చేలో ఆమెను అడిగాను: "నిజంగానే కోపం పోయిందా అత్తా?"

"యాడ పోయిద్దే! కోతకొచ్చినప్పుడల్లా వచ్చిద్ది. వచ్చినప్పుడల్లా మళ్ళీ క్షమిస్తా. దేవుడు నన్ను ఒక్కసారే క్షమించి ఊరుకున్నాడా?"

ఆమె ఇప్పుడు లేదు. నాన్న ఉన్నాడు. ఆ తాగుడు రోజుల్లో అమ్మ పడ్డ బాధ గుర్తొచ్చి నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒళ్ళు మండుతుంది. మండినప్పుడల్లా నాన్నకి ఫోన్ చేస్తాను. "తిన్నావా నాన్నా?" అని అడుగుతాను.