పట్టాభిషేకంలో దూడ

ఈ పూట మా కోడలు మనవడి దగ్గుకు కరక్కాయ అరగదీస్తుంటే ఆ వగరు వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చింది. వాడు ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం చేతిలోని ఒత్తులు పక్కన పెట్టి, ఎనిమిదేళ్ళ పిల్లనై, ద్రాక్షారామం దగ్గరి మా పుట్టింటి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ ఏడు తాతయ్యకు పెద్ద జబ్బు చేసింది. తగ్గితే శ్రీరామనవమికి గుడిలో పట్టాభిషేకం బొమ్మ వేయించిన తెర కట్టిస్తానని మామ్మ మొక్కుకుంది. ఆయన లేచి తిరగసాగాడు. ఫాల్గుణం రాగానే కొండయ్య అనే ముసలి అద్దకంవాడు తెల్లగుడ్డ తానుతో పడవ దిగి మా పాకలో బస చేశాడు. ఇక నెల్లాళ్ళపాటు మా పెరటికి వారానికో వాసన: కరక్కాయ కలిపిన గేదెపాలలో బట్ట నానేసిన వారం ఎండకు విరిగిన పాల వాసన, తుప్పు పట్టిన ఇనపముక్కలూ బెల్లమూ కుండలో పులియబెట్టి నల్లరంగు తీసిన వారం పక్కింటివాళ్ళు మా వైపు కిటికీలు బిడాయించుకునేంత కంపు. మజ్జిగ పలచనైనప్పుడల్లా తాతయ్య విస్తరి ముందు కూర్చుని, "ఇవాళ రాములవారు ఎన్ని శేర్లు తాగారేంటి?" అని అడిగేవాడు.

వెదురు కలంతో గీతలన్నీ గీశాక, రంగులు అలుక్కుపోకుండా కొండయ్య బట్టను మళ్ళీ పాలలో ముంచి ఎండలో పరిచాడు. నవమికి ఇంకా ఆరు రోజులుంది. మా తెల్లావు దూడ ఇటు రాకుండా చూడమని మామ్మ నన్ను కాపలా పెట్టింది. కాసేపు చూశాను. గోడ అవతల నుంచి పక్కింటి సీతాలు ఉప్పూ కారమూ అద్దిన పచ్చిమామిడి ముక్క చూపించింది. ఒక్క ముక్క తిని వద్దామని వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి దూడ తెర అంచున నిలబడి, కళ్ళు అరమూసుకుని, రాముడి పాదాల దగ్గర ఉండవలసిన ఇద్దరు వానరులను నములుతోంది. ఒక వానరుడి తోక ఇంకా దాని మూతి బయట వేలాడుతోంది.

నా కేకకు మామ్మ పరుగెత్తుకొచ్చి, బట్టలో జానెడు చిల్లు చూసి కూలబడిపోయింది. తాతయ్య ప్రాణానికి ముడిపెట్టుకున్న మొక్కు అది.

"నువ్వెక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నాను మామ్మా!"

కొండయ్య నా మూతికి అంటిన కారం వైపు ఒక్కసారి చూసి, నాకూ మామ్మకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "పసిపిల్ల ఏం ఆపుతుందండి మామ్మగారూ. మాసిక వేసి, తిన్నదాన్నే అక్కడ నిలబెట్టేస్తానండి."

"పట్టాభిషేకంలో దూడేంటయ్యా? ఏ రామాయణంలో ఉంది?"

"అయోధ్యలో పాడి లేదాండి? పాడి ఉన్నచోట దూడ ఉండదాండి?"

మామ్మ లేచి సూదీ దారం తెచ్చి ఇచ్చింది. మాసిక మీద తెల్లదూడ, మెడలో ఎర్రతాడుతో, మోర ఎత్తి రాముణ్ణే చూస్తూ నిలబడింది.

నవమినాడు తెర కట్టగానే గుడి ఆచార్యులుగారు ముక్కు బట్టకు తగిలేలా వంగి చూశారు. నేను మామ్మ వెనక్కి జరిగాను. "ఇదేంటమ్మా, ఇక్కడ దూడ?" అన్నారు.

మామ్మ కొంగు సర్దుకుంది. "అదేంటండీ ఆచారిగారూ, అయోధ్యలో పాడి లేదాండి?" అంది, ఆ మాట తనకే పుట్టినట్టు.

ఆయన ఆలోచించి తల ఊపారు. ఆ పూట ఆడవాళ్ళంతా రాముడికి దణ్ణం పెట్టి దూడకు బొట్టు పెట్టారు. సాయంత్రానికి దాని మొహం కుంకంలో మునిగిపోయింది. అవతలి ఊరివాళ్ళు కొండయ్యను పిలిపించుకుని, తమ తెరలో రెండు దూడలు ఉండాలన్నారు.

పెళ్ళై కాపురానికి వెళ్ళేరోజు మామ్మ ఒళ్ళో తల పెట్టి నిజం చెప్పేశాను. "తెలుసులేవే," అంది మామ్మ. "పళ్ళు పులిసి ఆ పూట అన్నం నమల్లేకపోయావు. కొండయ్య అంతలా అడ్డం నిలబడ్డాక నిన్నేం తిడతాను?"

కొండయ్య పోయాడు, ఆయన కొడుకులు కలం వదిలి పొలం పనుల్లోకి వెళ్ళారు. మిల్లుబట్టలు వచ్చాక పెరట్లో పాలకుండ పెట్టి బట్ట నానేసేవాళ్ళు లేరు. ఇప్పుడు కాగితం మీద అచ్చయిన దేవుళ్ళు పడవల్లో కట్టలుగా దిగుతున్నారు. రంగులు మెరిసిపోతాయి, వాసనే ఉండదు. పది ఇళ్ళకు పేరంటానికి వెళితే పదింటిలోనూ రాముడు ఒక్కలాగే చూస్తాడు. వాళ్ళలో మా ఊరి రాముడు ఎవరో నాకు తెలియడం లేదు.