మంచం కింద ఇటుకలు

ఇలా కూర్చో అమ్మలూ, సరిగ్గా కూర్చుని విను. రాసుకుంటానన్నదానివి సగం గుమ్మంలో నిలబడితే ఎలా? పొద్దున నా మంచం కోళ్ల కింద ఇటుకలు చూసి, "కొత్త టైల్సు గీరుకుపోతున్నాయి, తీసి పారేద్దాం అమ్మమ్మా" అన్నావే, వాటి సంగతే చెప్తా.

మీ తాతయ్యకి తెనాలిలో రేకు పెట్టెల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. పొద్దుటి నుంచీ సుత్తి మోత, పచ్చరంగు వాసన. ఏ కూర వండినా ఆ రంగు వాసనే వచ్చేది. తయారైన పెట్టెలకి చోటు చాలక, ఇంట్లో మంచాలన్నీ ఇటుకల మీద ఎత్తి, కిందకి తోసేవాళ్లం. మేమంతా ఎత్తున పడుకునేవాళ్లం, జమీందార్లలాగా. మధ్యాహ్నం అన్నం వేళకి మాత్రం సుత్తి ఆగాల్సిందే. అందరూ కంచాల ముందు కూర్చుంటేగానీ ఆయన ప్రార్థన మొదలుపెట్టేవాడు కాదు. ఒకసారి జంపని నుంచి ఒకాయన పెట్టె కోసం వచ్చి, బస్సు వెళ్లిపోతుందండీ అని గోల పెడితే, "బస్సు ఇంకోటొస్తుంది అన్నయ్యా, మా ఆవిడ గోంగూర రోజూ చెయ్యదు, కూర్చో" అని ఆయనకీ కంచం పెట్టించాడు.

అలాంటి మనిషికి, మీ అమ్మకి బాపట్ల కాలేజీలో సీటొచ్చింది, హాస్టల్లో ఉండాలి అంటే ఎలా ఉంటుంది చెప్పు? నోటితో వద్దనలేదు. పెట్టె మాత్రం చెయ్యలేదు. ఊళ్లో పిల్లలందరి పెట్టెలూ చకచకా వెళ్లిపోతుంటే, మీ అమ్మ పెట్టెకి ఒకరోజు రేకు బాలేదు, ఒకరోజు గొళ్లెం రాలేదు, ఇంకోరోజు మబ్బు పట్టింది కాబట్టి రంగు ఆరదు. చేరే గడువు దాటితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ అమ్మ అన్నం కెలుకుతూ కూర్చునేది. ఆఖరికి రేపల్లె నుంచి మా తమ్ముడు దిగాడు.

"ఏంటి బావా, ఊరందరి పిల్లల్నీ హాస్టలుకి సాగనంపేది నువ్వు, నీ కూతురికే రేకు కరువా? పోనీలే, మా రేపల్లెలో ఒకటి కొనుక్కొస్తా!"

ఆయన కూతురి చేతిలో ఇంకొకడి పెట్టె! లేచి కొట్లోకి వెళ్లాడు. సాయంత్రానికి పెట్టె తయారు, మూత మీద గులాబీ పువ్వుతో సహా.

తీరా హాస్టల్లో దింపితే అది మంచం కింద పట్టలేదు. ఇంట్లో ఇటుకలెక్కిన మంచానికి కొలత తీసుకున్నాడు మరి! లోకంలో మంచాలన్నీ అంతెత్తే ఉంటాయనుకున్నాడు మహానుభావుడు. నడిచే దారిలో పెట్టె పెడితే వార్డెనమ్మ ఊరుకుంటుందా?

ఆదివారం చర్చి అవగానే సంచిలో రెండు ఇటుకలు వేసుకుని బాపట్ల బయల్దేరాడు.

"బాపట్లలో ఇటుకలు దొరకవా అండీ?" అన్నాను.

"ఇవి మనింటివే."

"అయితే నాలుగూ తీసుకెళ్లండి."

"బరువు కాదూ? ఈ వారం తలవైపు పెడతా, పైవారం కాళ్లవైపు."

రోజంతా రేకులు మోసే మనిషికి నాలుగిటుకలు బరువట! వారం పొడుగునా మీ అమ్మ ఏటవాలు మంచం మీద కిందకి జారుతూ పడుకుంది. పక్క గది పిల్ల ఎక్కడివో రెండిటుకలు తెచ్చిస్తే, వద్దందట. "ఇవి పెట్టేస్తే మా నాన్న పైవారం ఏ వంకతో వస్తాడే?" అందట. ఆ మాట నాకు చాలా ఏళ్లకి చెప్పింది. ఆయనకి నేను చెప్తే, చెవులు వినబడనట్టు మొహం తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

చదువయ్యాక పెట్టెతోపాటు ఆ నాలుగిటుకలూ మోసుకొచ్చారు తండ్రీకూతుళ్లు. అవే ఇవి. ఆయన పోయారు, కొట్టు పోయింది, సుత్తి మోతా లేదు. కానీ అమ్మలూ, ఇది మాత్రం రాసుకో. కాలం అంతా పట్టుకుపోయిందనుకుంటాం గానీ, అది కూడా మీ తాతయ్యలాగే ఏదో ఒక వంక అట్టిపెట్టుకుని వెళ్తుంది, మళ్లీ ఎప్పుడో మనింటికి...

"అమ్మా! కంచాలు పెట్టేశాను, అందరం కూర్చున్నాం, నువ్వొస్తేగానీ ప్రార్థన లేదు!"