ఒక్క పోగు తక్కువైన మొండి లెక్క

మొన్న ఐతారం మా మనుమరాలు అరుగు మీద కూసోని లెక్కల పాఠం పైకి చదువుతాంటే, ఒకటితోని, తనతోని తప్ప ఇంకే అంకెతోని భాగం పోని లెక్కలు కొన్ని ఉంటయని, వాటిని ప్రధాన సంఖ్యలంటరని నా చెవుల పడ్డది. చేతుల చాట పక్కకు పెట్టి, రెండువేల ఎనిమిదొందల డెబ్బై తొమ్మిది అసొంటిదేనా చూడు బిడ్డా అన్న. గంత పెద్ద లెక్క నీకెందుకవ్వా అని నవ్వుకుంటనే కాయితం నిండ భాగించి, అసొంటిదే అన్నది. ఆ సంగతి మా ఆయన నలభై ఏండ్ల కిందనే చెప్పిండు.

మాది రామన్నపేట దిక్కు మగ్గాల ఇల్లు. ఆయన పెద్దగ చదువుకోలే గని లెక్కలను మనుషుల తీరు చూసేటోడు, నలుగురితోని కలిసేటియి కొన్ని, ఎవ్వరికి లొంగని మొండియి కొన్ని అని. చీర నిలువు పడుగుకు మేం పెట్టే రెండువేల ఎనిమిదొందల ఎనభై పోగులంటే ఆయనకు మురిపెం. ఎనిమిదేసి కట్టు, తొమ్మిదేసి కట్టు, పన్నెండేసి కట్టు, ఒక్క పోగు మిగలదు, పది లోపల ఏడొక్కటే దానికి పడదు అనేటోడు. గట్ల సమానం కట్టలైతేనే చిటికి కుదురుతది, అంటే రంగు అంటొద్దన్న కాడ సైకిల్ ట్యూబు ముక్కలతోని బిగించి కట్టే పని.

పోగులు లెక్కపెట్టుడు నాకు ఆయననే నేర్పిండు. నలభై పోగులకొక చింతగింజ పక్కన పెడితే, డెబ్బై రెండు గింజలకు పడుగు నిండేది. సంతకం రానిదానికి లెక్కలేందిర కొడుకా అని మా అత్త దెప్పేది. మన ఇంట్ల తప్పని లెక్క దానిదేనే అమ్మా అని ఆయన నవ్వేటోడు.

ఆయన మొదటిసారి సొంతంగ డిజైన్ గీసుకొని, నలుగురికి చూపెట్టాలని ఆశపడ్డ పడుగు అది. ఆఖరి గింజ కాడ ఒక పోగు తెగింది. అత్త గడపల కూసోని చూస్తాంది. ఆమె నోట్లె పడొద్దని తెగినదాన్ని గుంజి కొంగుల దోపుకొని గింజ పెట్టేసిన. సరిగ్గున్నదా అని ఆయనడిగితే, ఉన్నదన్న.

ఎనిమిదేసి కట్టిండు, ఆఖరి కట్టకు ఏడే వచ్చినయి. విప్పి తొమ్మిదేసి, పన్నెండేసి కట్టిండు, ఎట్ల కట్టినా ఒకటి తక్కువ. పోనీ అని ఏడేసి చూస్తే రెండు మిగిలినయి. మూడు దినాలు తిండి సోయి లేకుంట విప్పుడు, కట్టుడు. ఇది మొండి లెక్కనే, నువ్వు సరిగ్గనే ఉన్నదంటివి, మరి నా కండ్లే తప్పినట్టున్నయి అన్నడు. అప్పుడన్న చెప్పొద్దా! కొంగు ఇంకింత బిగించి దోపుకున్న. అత్త ముందట తప్పు తనమీదనే ఏసుకున్నడు. ఇంకో పోగు కలిపి నేసిండు గని, నలిగిన నూలు మీద ఆ డిజైన్ నిలవలే. మళ్ల సొంత డిజైన్ జోలికి పోలే, ఒగలు కట్టిచ్చిన పడుగుల మీద కూలికి నేసుకుంటనే ముసలోడైండు. నా లెక్క ఆన్నే తప్పిందే అని కన్నుమూసేదాక అనేటోడు.

ఇప్పుడు పడుగులు మిషన్ల మీద లెక్కతోనే వస్తున్నయి. గింజలు పెట్టేటోళ్లు లేరు, పెండ్లాం మాట నమ్మి తన కండ్లను అనుమానపడేటోళ్లు అసలే లేరు.

ఆ కాయితం మీది లెక్కకు ఒకటి కలిపి చూడు బిడ్డా అన్న పిల్లతోని. కలిపింది. ఎనిమిదికి పోయింది, తొమ్మిదికి పోయింది, పన్నెండుకు పోయింది. ఒక్కటికే ఇంత మారిందేందవ్వా అని నా మొఖం దిక్కు చూసింది. ఆ ఒక్కటి నా కొంగులనే ఉండె అని చెప్పబోయి, మళ్ల చాట చేతులకు తీసుకున్న. గందుకే మీకు చెప్పుకుంటున్న.