కత్తెరమ్మ కోపానికి తొమ్మిది

రెండో డ్రిప్పు ఎక్కించిన నాలుగో రోజున కత్తెరమ్మకు చిరాకేసింది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఎన్నాళ్లనుంచి కారుతోందో ఏమో, ఈ ఇంట్లో ఒక్కరికీ వాషరు మార్చాలని తోచలేదా అనుకుంది. అనుకున్నాక మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. పద్నాలుగు నెలలుగా ఆమెకు దేనిమీదా చిరాకు లేదు. ఇల్లు కూలిపోతున్నా అటు తిరిగి చూసే ఓపిక లేని మనిషికి కుళాయి మీద కోపం రావడమంటే చిన్న సంగతి కాదు.

కత్తెరమ్మ అన్నది షాపువాళ్లు పెట్టిన పేరు. ఆస్పత్రులకూ హోటళ్లకూ యూనిఫారాలు కుట్టే ఆ షాపులో ఇరవై రెండేళ్లుగా కటింగ్ ఆమెదే. బల్ల మీద నలభై పొరలు గుడ్డ పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, కరెంటు కత్తితో కోస్తుంది. కత్తి గీత దాటిందంటే నలభై యూనిఫారం కోట్లూ పాడవుతాయి. అందుకే ఆమె బల్ల దగ్గర ఎవరూ నోరెత్తరు, ఇస్త్రీ పిన్ని తప్ప. పిన్ని మాట్లాడకపోతే ఇస్త్రీపెట్టె వేడెక్కదని షాపులో అందరూ నవ్వుతారు.

కత్తెరమ్మ జబ్బుకు రెండు కొసలు. నాలుగేళ్ల కిందట పై కొసకు ఎక్కినప్పుడు, నర్సులకు జేబులు చాలడం లేదని తనంతట తనే తేల్చేసి, ఎవరినీ అడక్కుండా నలభై కోట్లకు తలా ఎనిమిది జేబులు కోసి పడేసింది. వారం రోజులు నిద్రన్నదే లేదు. పిన్ని ఇప్పటికీ వాటిలో ఒక కోటు తొడుక్కుని, కళ్లజోడు ఏ జేబులో పెట్టానా అని తడుముకుంటూ ఉంటుంది. ఇది బైపోలార్ అని డాక్టరమ్మ చెప్పింది అప్పుడే.

కింది కొస మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. పోయిన ఏడాది ఒక పొద్దున, గుడ్డకు ఏది లోపలి వైపో ఏది బయటి వైపో తేల్చుకోలేక బల్ల ముందు గంటసేపు నిలబడి, కత్తెర అక్కడే పెట్టి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత దువ్వెన ఎత్తినా చెయ్యి సగంలోనే ఆగిపోయేది. ఆ జబ్బుకిచ్చిన లిథియం మాత్రలు మానలేదు. దానికి తోడు వేరే మందులు మార్చి మార్చి చూశారు. ఏదీ పని చెయ్యలేదు.

చివరికి డాక్టరమ్మ కెటమిన్ సంగతి ఎత్తింది. ఆపరేషన్లలో మత్తుకు వాడే మందే అది. తక్కువ మోతాదులో నరానికి ఎక్కిస్తే కొందరికి గంటల్లోనో రోజుల్లోనో దిగులు తేలికపడుతుందని చెప్పింది. అందరికీ పని చెయ్యదనీ, పని చేసినా ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమనీ, బైపోలార్ వాళ్ల మీద జరిగిన పరీక్షలు ఇంకా తక్కువేననీ కూడా దాచకుండా చెప్పింది. లిథియం ఆపకూడదు. బీపీ పెరగొచ్చు, కాబట్టి మందు ఎక్కుతున్నంతసేపూ, ఆ తర్వాతా కూడా కనిపెట్టి ఉంటారు. ఆ రోజు బండి నడపకూడదు, తోడుగా ఒకరు రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి మళ్లీ పై కొసకు ఎగిరిపోతుందేమో ఇంట్లోవాళ్లు చూస్తుండాలి. నిద్ర ఎన్ని గంటలో, మనసు సున్నా నుంచి పదిలో ఎక్కడుందో రోజూ రాయమని పట్టిక ఇచ్చింది. అయిదు దగ్గరుంటే కుదురు, పది వైపు పోతే పై కొస.

పట్టిక కత్తెరమ్మ చేతికే ఇచ్చింది. మధ్యలో ఆమె భర్త అందుకున్నాడు. ఆయన నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు. గంట గంటకూ ప్రెషరు మీటర్ల ముళ్లు చూసి రిజిస్టరులో అంకెలు వెయ్యడం ఆయన పని. రాసే పని ఇంకొకరికి వదలడం ఆయన వల్ల కాదు. పట్టికను ఫ్రిజ్ తలుపుకు అంటించి, పక్కన దారంతో పెన్ను వేలాడదీశాడు.

మొదటి డ్రిప్పుకు చేతులు రెండూ గది అవతలి మూలలో ఎవరివో పడున్నట్టు అనిపించాయి, అంతే. రెండో దాని తర్వాత మూడో రోజు ఆకలేసింది. నాలుగో రోజు కుళాయి. ఆ ఊపులోనే చీర మార్చుకుని, తల దువ్వుకుని షాపుకు వెళ్లింది.

ఆమె బల్ల మీద కొత్త మనిషి కోస్తున్నాడు. సూపర్వైజరు ఆమెను చూసి ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. మీరు మానేశారని మీ ఆయనే వచ్చి కాగితం రాసిచ్చి వెళ్లాడు కదమ్మా, మూడు నెలలైంది అన్నాడు. ఆమె కాగితం చూపించమంది. కింద తన పేరు, ఆయన చేతిరాత.

ఇంటికొచ్చి ఆమె అరిచిన అరుపు మెట్ల మీదికి వినపడింది. నా ఇరవై రెండేళ్లు మీ చేతిరాతతో కొట్టేస్తారా, నన్నొక్క మాట అడగాలనిపించలేదా అని అడిగింది. నువ్వు లేవలేని స్థితిలో ఉన్నావు, వాళ్లు ఎదురుచూస్తుంటే నామోషీగా ఉండి ఇచ్చాను అన్నాడాయన. నిజానికి ఆయన చెడ్డవాడు కాడు. పద్నాలుగు నెలలు ఆమె గిన్నెలు కడిగాడు, ఆమె జడ వేశాడు. దానికి కూడా ఆమెకు కోపమే వచ్చింది. జడ వేసిన చేత్తోనే రాజీనామా రాశాడు.

ఆమె అరుస్తూనే ఉంది. ఆయన మెల్లగా ఫ్రిజ్ వైపు చూశాడు.

"మాత్ర వేసుకున్నావా?"

ఆయన పెన్ను అందుకుని ఆ రోజు గడిలో తొమ్మిది వేశాడు.

మూడో డ్రిప్పుకు ఆయనే తోడొచ్చాడు. డాక్టరమ్మ పట్టిక చూసి కళ్లజోడు సవరించుకుంది. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. నిద్ర నాలుగు గంటలు, నాలుగు, నాలుగు. ఇలా ఉంటే ఇవాళ మందు ఎక్కించలేను అంది. పొద్దున లేచినప్పుడే కత్తెరమ్మకు ఒళ్లు కాస్త బరువుగా అనిపించింది. మూడోది పడకపోతే మళ్లీ ఆ మంచంలోకే జారిపోతానని ఆమెకు తెలుసు. అరిస్తే తొమ్మిది నిజమవుతుంది. అరవకపోతే అబద్ధం నిలబడుతుంది. పళ్లు బిగించి, కాగితం తన వైపు తిప్పుకుని భర్తను అడిగింది.

"మంగళవారం మీరు డబుల్ డ్యూటీ. మర్నాడు పొద్దున గానీ ఇల్లు చేరలేదు. నేను ఎంతసేపు పడుకున్నానో మీకెలా తెలుసు?"

ఆయన సిగ్గుపడలేదు సరికదా, ఎంతో మామూలుగా జవాబిచ్చాడు.

"ముల్లు కదలనప్పుడు పై గడిలోని అంకే కింద వేస్తాం. మా దగ్గర అందరూ అంతే."

తనేం చేశాడో ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది, చూపు బూట్ల మీదికి దించుకున్నాడు. ఆయన గడిలో దించుకుంటూ పోయింది పంపు ప్రెషరు కాదు, భార్య మనసు. కత్తెరమ్మ ఏడుగంటలు పడుకుంటోందనీ, మొదలుపెట్టిన పని పూర్తి చేస్తోందనీ, కోపానికి ఫలానా కారణమనీ డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగి రాబట్టింది. రాజీనామా కాగితం మాట విన్నాక కలం కింద పెట్టింది.

"నాకైనా కోపమే వచ్చేదమ్మా. కానీ మీ ఒక్కరి మాట విని సూది గుచ్చలేను. రెండు రోజులు మీరే రాయండి. మిమ్మల్ని రోజూ చూసే ఇంకొకరిని తీసుకురండి."

రెండు రోజులంటే చెప్పినంత సులువు కాదు. మొదటి రోజు మధ్యాహ్నానికే చెయ్యి బరువెక్కింది. అయినా గడిలో నాలుగు అని నిజమే రాసింది. అయిదు రాస్తే బాగుండుననిపించింది, రాయలేదు. షాపుకు వెళ్లి, పాత బల్ల కాకపోయినా ఒక మూల బల్ల అడిగి తీసుకుంది. హోటలువాళ్ల ఏప్రన్లు పొరకు పొర సరిపోయేలా కోసింది. ఇస్త్రీ పిన్ని పక్కనే నిలబడి, ఒక్క ఏప్రన్‌కైనా ఎనిమిది జేబులున్నాయేమోనని లెక్కపెట్టి మరీ నవ్వింది. ఇంట్లో భర్త అటూ ఇటూ తిరిగాడు. షాపుకు నేనొచ్చి చెప్పనా అన్నాడు. మీరు చెప్పింది చాలు అంది ఆమె.

మూడో రోజు పిన్నితో వెళ్లింది. ఆయన వస్తానన్నాడు, వద్దంది. డాక్టరమ్మ పిన్నిని అరగంట కదిలించింది. నిద్ర గురించి, మాటల వేగం గురించి, పని గురించి. ఆ ఎనిమిది జేబుల రోజుల్లో నన్ను కూడా మాట్లాడనివ్వలేదు డాక్టరమ్మా, ఇప్పుడు నేను చెప్పేది వింటోంది, అంతకన్నా రుజువేం కావాలి అంది పిన్ని. డాక్టరమ్మ సరేనంది.

నర్సు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. ఎక్కువుంది. ఇంత ఉంటే మొదలుపెట్టడానికి లేదు, ఏమైనా కంగారుగా ఉందా అని అడిగింది.

"కంగారు కాదమ్మా, కోపం. మా ఆయన మీద."

మనసు తేలికగా పెట్టుకోండి, అన్నీ మర్చిపోండి, పావుగంటలో మళ్లీ చూస్తానని నర్సు వెళ్లిపోయింది. మర్చిపొమ్మంటే కత్తెరమ్మకు ఇంకా మండింది. పద్నాలుగు నెలలు అన్నీ మర్చిపోయే కదా పడుంది. ఈ కోపాన్ని వదిలేస్తే చేతిలో ఇంకేం మిగలదనిపించింది. పిన్ని ఆమె కాళ్లు రెండూ మంచం మీద చాపించి, ఊపిరి మెల్లగా వదలమంది.

"ఆయన్ని తిట్టుకో తల్లీ, ఎవరొద్దన్నారు. కాకపోతే మెల్లగా తిట్టుకో. తొందరేముంది, ఇంకా ముప్పై ఏళ్లుంది."

కత్తెరమ్మ కళ్లు మూసుకుని మెల్లగా తిట్టుకుంది. కాగితానికొక తిట్టు, సంతకానికొక తిట్టు, తొమ్మిదికి మూడు. ఒక్కో తిట్టుకూ ఒక్కో ఊపిరి.

నర్సు వచ్చి మళ్లీ పట్టీ బిగించింది. అంకె చూసి, తృప్తిగా సూది చేతిలోకి తీసుకుంది.

"హమ్మయ్య. కోపం తగ్గిందా?"

"లేదు" అంది కత్తెరమ్మ, చెయ్యి చాపుతూ. "బీపీ తగ్గింది."